ముక్కల బుట్ట

మా పెదనాన్న దర్జీ. నలభై ఏళ్ళుగా ఒకే గది, ఒకే కుట్టుమిషను, ఒకే విసుగు. మూడేళ్ళ క్రితం పెద్దమ్మ పోయినప్పటినుంచి ఆయనకు ఇంకో పిచ్చి పట్టుకుంది. కత్తిరించగా మిగిలిన ముక్కలు వేసే వెదురుబుట్టను కనబడిన వాళ్ళకల్లా అంటగట్టబోయేవాడు. "తీసుకెళ్ళి ఉల్లిపాయలు పోసుకోండ్రా" అనేవాడు. మేం నవ్వేసేవాళ్ళం.

నేను బట్టల డిజైనర్ని. పాత నేతచీరలతో ఈకాలపు కోట్లు కుట్టించాలని నా కోరిక. ఓ పెద్ద షాపు యజమానురాలు సరేనంది గానీ చిన్న మెలిక పెట్టింది: చీరలో ఒక్క ముక్క కూడా చెత్తలోకి పోకూడదు. మర్నాడు సాయంత్రం నాలుగింటికి పెదనాన్న గదికి తనే వచ్చి చూస్తానంది. కంప్యూటర్లో పదకొండు రకాలుగా అమర్చి చూశాను. ఎలా తిప్పినా దోసెడు ముక్కలు మిగిలాయి. ఉన్నదా, ఒక్కటే చీర. అదీ అమ్మకు చెప్పకుండా పెట్టెలోంచి లాక్కొచ్చింది.

పొద్దున్నే చీర పెదనాన్న బల్లమీద పరిచి, పక్కన కంప్యూటరు తెరిచాను.

"ఏంటే, తాతకు దగ్గులు నేర్పుతున్నావా? తీసెయ్."

"చంక దగ్గర గుండ్రంగా కొయ్యాలి కదా పెదనాన్నా, ముక్కలు పడేది అక్కడే."

"గుండ్రంగా కొయ్యమని ఎవడు చెప్పాడు?"

సుద్దతో అన్నీ తిన్నని గీతలే గీశాడు. కత్తెర కదిలేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి. ఒళ్ళు నలుచదరం, చేతులు నలుచదరం! చేతుల పక్కన మిగిలిన పట్టీలోంచి రెండు చిన్న చదరాలు తీసి చంకల కింద అతికి, కోటు నాకు తొడిగాడు.

"చెయ్యెత్తు. పట్టేస్తోందా?"

పట్టెయ్యలేదు! చీర అంచు ముందువైపుకి వచ్చింది. మెడ దగ్గర తీసిన ముక్క జేబైంది. నేను కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతుంటే, "ఓచోట కూర్చోవే, కుట్టు వంకరపోతుంది" అని కసిరాడు.

షాపావిడ చెప్పినట్టే నాలుగింటికి వచ్చింది. కోటు తొడుక్కుంది, చేతులెత్తింది, అద్దంలో అటూ ఇటూ తిరిగింది. "బావుంది. మిగిలిన ముక్కలేవి?"

పెదనాన్న బుట్ట బోర్లించాడు. అరిగిపోయిన సుద్దముక్క, నాలుగు దారప్పోగులు రాలాయి.

"ఇలాంటివి నలభై కావాలి" అంటూ కోటు విప్పి నా చేతికిచ్చిందావిడ. నేను ఎగిరి గంతేశాను. మిషను మీది దారపుకండెలన్నీ గదంతా దొర్లాయి.

"ఇలా కొయ్యడం ఎవరు నేర్పారండీ?" అని పెదనాన్నని అడిగింది.

"ఎవరూ నేర్పలేదమ్మా. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఇష్టమొచ్చినట్టు కోసేవాణ్ణి. మిగిలినవన్నీ ఏరి తను బొంతలు కుట్టేది. ఇప్పుడెవరున్నారు? బుట్టలో ముక్కలు పేరుకుంటుంటే చూడలేకపోయాను. అందుకే మిగలకుండా కొయ్యడం మొదలెట్టా."

మూడేళ్ళుగా నవ్విన నవ్వంతా గుర్తొచ్చి సిగ్గేసింది. ఏడుపు ఆగలేదు.

"కోటు మీద కార్చకే, మరకలవుతాయి" అన్నాడు పెదనాన్న.

"బుట్ట నేను తీసుకెళ్తా పెదనాన్నా" అన్నాను.

ఆయన దాన్ని రెండుసార్లు దులిపి నా చేతికిచ్చాడు.