ఆఫీసు అన్నయ్య

ఉద్యోగంలో చేరిన రోజు మా అమ్మ నన్ను తెనాలి స్టేషన్లో రైలెక్కించి ఒకే ఒక్క సలహా ఇచ్చింది. "మగపిల్లలు ఎవరు పలకరించినా ముందు అన్నయ్యా అనేయ్. ఇంక ఏ గొడవా ఉండదు." మా వైపు ఆడపిల్లలకు ఈ మాట గొడుగు లాంటిది. వాన ఉన్నా లేకపోయినా వెంట ఉండాల్సిందే.

బాపట్లలో దిగి, రొయ్యల మేత అమ్మే మా కంపెనీ ఆఫీసు వెతుక్కుని లోపలికి వెళ్ళాను. తలుపు పక్కనే ఒకతను కంప్యూటర్లో స్టాకు చూసుకుంటున్నాడు. "అన్నయ్యా, అకౌంట్స్ సెక్షన్ ఎటండీ?" అని అడిగాను. తలెత్తలేదు. "ఏమండీ, మిమ్మల్నే" అన్నాను. అప్పుడు తలెత్తి, లేచి నిలబడి మరీ దారి చూపించాడు. చెవిలో ఏదో పెట్టుకుని పాటలు వింటున్నాడేమో అనుకున్నాను. ఆ తర్వాత కూడా అంతే. మొదటి పిలుపుకి ఎప్పుడూ పలికేవాడు కాదు. పలికాక మాత్రం మనిషి మంచివాడు.

నాకు పుట్టుకతోనే కంగారు ఎక్కువ. గేటు తాళం వేశానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి వస్తాను. అలాంటిదాన్ని, కంప్యూటర్లో మనమే ఒక పాత్రగా మారి ఆడే రోల్ ప్లేయింగ్ గేముల్లో పడ్డానంటే కారణం అతనే. అతని సొంతూరు రేపల్లె, ఉండేది బాపట్లలో అద్దె గదిలో. సాయంత్రాలు ఏం చేస్తారని ఒకరోజు భోజనాల దగ్గర అడిగితే, ఒక గేమ్ గురించి క్యారేజీ చల్లారిపోయేదాకా చెప్పాడు. కత్తియుద్ధాలు, డ్రాగన్లు సరేగానీ, అందులో మనతోపాటు తిరిగే సావాసగాళ్ళు ఉంటారట. మనం మాట్లాడే మాటను బట్టి స్నేహం చేస్తారట, అలుగుతారట, ప్రేమిస్తారట. అదే నన్ను పట్టేసింది. ఆ గేమ్ కొని నా లాప్‌టాప్‌లో ఎక్కించుకున్నాను.

మొదట మన క్యారెక్టర్‌ని మనమే తయారుచేసుకోవాలి. ఆడా మగా, మనిషా, మొనదేలిన చెవుల ఎల్ఫా, మరుగుజ్జా, ఏ కులవృత్తి, ఏ ఊరు. ఒక ఆదివారమంతా నేను ఆ ఒక్క తెరమీదే కూర్చున్నాను. ఏది నొక్కితే ఏది పోతుందో తెలియదు. సోమవారం అతన్ని అడిగితే, "ఏది ఎంచుకున్నా కొన్ని తలుపులు మూసుకుంటాయండి. భయపడకుండా ఎంచుకోండి" అన్నాడు. తలుపులు మూసుకుంటాయని చెప్పి మళ్ళీ భయపడొద్దనడం ఏం న్యాయం? చివరికి, ఇంట్లో అందరూ నన్ను పొట్టిదానా అంటారు కదా అని మరుగుజ్జు విలుకత్తెని ఎంచుకున్నాను.

ఆటలో మా గుంపులో ఒక వైద్యుడు ఉండేవాడు. ఎత్తుగా, నెమ్మదిగా, తక్కువ మాట్లాడే మనిషి. అందరి గాయాలూ కట్టి తన గాయం ఆఖర్న చూసుకునేవాడు. విడిది చేసిన ప్రతిసారీ మంట దగ్గరికి వెళ్ళి అతనితో మాట్లాడేదాన్ని. దారిలో దొరికిన మూలికలన్నీ తెచ్చి ఇచ్చేదాన్ని. మర్యాదగా పుచ్చుకునేవాడు. అంతకుమించి ఒక్క మాట ముందుకు కదిలేది కాదు. నేనేం తప్పు మాట్లాడానో అని పాత సంభాషణలన్నీ గుర్తు చేసుకునేదాన్ని. రోజూ ఆఫీసుకి వెళ్ళొచ్చే రైల్లో కూడా అదే ఆలోచన.

ఆఖరికి ఇంటర్నెట్లో వెతికితే అసలు సంగతి తెలిసింది. ఆ వైద్యుడు మనుషులనూ ఎల్ఫులనూ మాత్రమే ప్రేమిస్తాడట. మరుగుజ్జులకు ఆ దారే లేదట. గుంపులోని వీరనారికి ఆడవాళ్ళంటేనే ఇష్టమట. రాకుమారుడికి రాచపుట్టుక ఉన్నవాళ్ళే కావాలట. దొంగ ఒక్కడే, పాపం, ఎవరైనా సరే అంటాడట. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇక్కడా గోత్రాలేనా!" అని గట్టిగా అరిచాను. "ఎవరితోనే?" అంది వంటింట్లోంచి అమ్మ. "ఎవరితోనూ కాదు" అన్నాను.

నా ఏడుపు చూడలేక ఆఫీసులో అతను ఒక ఉపాయం చెప్పాడు. ఇలాంటి నిబంధనలు తీసేసే చిన్న చిన్న ఫైళ్ళు ఆటగాళ్ళే తయారుచేసి పెడతారట, వాటిని మోడ్‌లు అంటారట. తెచ్చి ఎక్కించాను. వైద్యుడు నిజంగానే ప్రేమించాడు. వెన్నెల్లో దగ్గరికొచ్చాడు, కళ్ళు మూసుకున్నాడు, ముందుకి వంగి నా తలకి జానెడు పైన ఉన్న గాలిని ముద్దు పెట్టుకున్నాడు. ఆ దృశ్యం పొడుగువాళ్ళను ఊహించి చేసింది మరి. పగలబడి నవ్వాను. తర్వాత దిగులేసింది. ఆ మనిషి చూస్తున్నది నన్ను కాదు, నా స్థానంలో ఉండాల్సిన ఇంకెవరినో. మోడ్ తీసేశాను.

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి పొడుగాటి మనిషి. ప్రతి అడుగూ ఆచితూచి వేశాను. ఒక విడిదిలో వైద్యుడు తన వాళ్ళంతా యుద్ధంలో పోయిన సంగతి చెప్పి, "నేను నీకు ఏమవుతాను?" అని అడిగాడు. తెరమీద మూడు జవాబులు వచ్చాయి. ఒకటి వేళాకోళం, ఒకటి మౌనం, మూడోది "నువ్వు నాకు తోడబుట్టినవాడితో సమానం". ఎవరూ లేనివాడికి అంతకన్నా చల్లని మాట ఏముంటుంది? చెయ్యి దానంతట అదే నొక్కేసింది. వైద్యుడు తల వంచుకుని, సరే అన్నాడు. ఆ తలుపు మళ్ళీ తెరుచుకోలేదు.

మర్నాడు ఆఫీసులో భోజనాల దగ్గర చెబితే, అతని చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. "అక్కడ కూడానా అండీ?" అన్నాడు. నవ్వాడు, కానీ ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. నేను డబ్బా కడుక్కోవడానికి లేచి వెళ్ళిపోయాను. అక్కడ కూడా అంటే ఇంకెక్కడ? ఆ సాయంత్రం రైలు నిడుబ్రోలు దాటేదాకా అదే ఆలోచించాను. అర్థమైంది. అర్థమయ్యాక భయం వేసింది.

ఎందుకంటే అప్పటికే నాకతనంటే ఇష్టం. చాలా ఇష్టం. సెలవు పెట్టినరోజు ఆఫీసు ఖాళీగా కనిపించేంత ఇష్టం. కానీ ఆఫీసులో రోజూ అన్నయ్యా అనే పిలుస్తున్నాను. ఇంట్లో అంతకన్నా ఘోరం. అతని పేరు ఇంట్లో ఏనాడూ ఎత్తలేదు, పేరెత్తితే గొంతు మారుతుందని భయం. "ఆఫీసు అన్నయ్య స్టేషన్ దాకా దింపాడు", "ఆఫీసు అన్నయ్య చెప్పిన గేమే ఇది" అంటుంటే అమ్మ నిశ్చింతగా వినేది. మా నాయనమ్మ మరీను. ఎదురింటి అమ్మాయి, తను అన్నయ్యా అని పిలిచిన మేడమీది కుర్రాణ్ణి పెళ్ళి చేసుకుంటే ఆ పెళ్ళి భోజనానికి వెళ్ళలేదు. "నోరారా అన్నయ్యా అని పిలిచి వాడిచేతే తాళి కట్టించుకుంటుందా?" అని వారం రోజులు విసుక్కుంది. మా ఇంట్లో సంబంధాల విషయంలో ఆవిడ మాటే ఆఖరు.

అలాంటి రోజుల్లో దుగ్గిరాల నుంచి పిన్ని ఫోన్ చేసింది. మంచి సంబంధం, రేపల్లె వాళ్ళు, అబ్బాయి బాపట్లలోనే ఉద్యోగం అని ఫోటో పంపింది. అమ్మ ఫోన్ నా ముందు పెట్టింది. చూస్తే అతనే. స్టాకు రూములో వేసుకునే నీలం చొక్కాయే. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే అమ్మకి వినబడుతుందేమోనని కుర్చీ వెనక్కి జరిపాను.

"మీ ఆఫీసేనటగా, ఎరుగుదువా?"

"చూశాను. వేరే సెక్షన్."

ఇక నాయనమ్మ వరస తీయడం మొదలుపెట్టింది. ఇంటిపేరు వేరే, గోత్రం వేరే, అక్కడిదాకా బాగానే ఉంది. అబ్బాయి తల్లి పుట్టిల్లు చెరుకుపల్లి అనగానే ఆగింది. మా అమ్మమ్మ పుట్టిల్లు కూడా చెరుకుపల్లే, ఇంటిపేరు కూడా అదే. నాయనమ్మ కళ్ళు మూసుకుని వేళ్ళమీద ఎవరెవరినో లెక్కపెడుతోంది. ఆ తల్లి మా అమ్మకి అక్కో చెల్లెలో అయితే అతను నాకు అన్న అయిపోతాడు, కథ అక్కడితో సరి. ఆటలోనైతే ఇంటర్నెట్లో చూసుకోవచ్చు. ఇక్కడ అన్నీ ఆవిడ తలలోనే ఉన్నాయి. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"ఆవిడ మీ అమ్మమ్మకి అన్న కూతురి వరస" అంది చివరికి. "అంటే మీ అమ్మకి మేనమామ కూతురు. నీకు అత్త వరస. అబ్బాయి బావ వరసేనే. రమ్మనండి ఆదివారం."

నేను సంతోషపడేలోపే అమ్మ అంది, "ఒక పని చెయ్యవే. అబ్బాయి ఎలాంటివాడో మీ ఆఫీసు అన్నయ్యని అడుగు. ఉన్నదున్నట్టు చెబుతాడు."

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. నోరు తెరిచాను. నాయనమ్మ నావైపే చూస్తోంది. "అడుగుతాను" అన్నాను. మర్నాడు సాయంత్రం, "మంచివాడేనట" అని చెప్పాను. "అన్నయ్య చెప్పాడంటే ఇంక తిరుగులేదు" అంది అమ్మ. అక్కడితో ఆగిందా? "ఆదివారం అతన్నీ రమ్మను. నీకు అన్నలేని లోటు తీరుతుంది, నీ తరఫున కూర్చుంటాడు" అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ వారమంతా ఆఫీసులో నరకమే. అన్నయ్యా అని పిలవలేను, ఇంకెలా పిలవాలో తెలియదు. ఫైలు కావాలంటే అతని టేబుల్ దగ్గరికి వెళ్ళి దగ్గేదాన్ని. ఈ సంబంధం అతనికి తెలుసో లేదో, తెలిస్తే ఇష్టమో కాదో, పెద్దవాళ్ళు లాక్కొస్తున్నారో ఏమో. శుక్రవారం అతనే నా దగ్గరికి వచ్చి, "ఆదివారం తెనాలి వస్తున్నామండి. మీకేమైనా అభ్యంతరమా?" అన్నాడు. "నాకెందుకండీ అభ్యంతరం" అన్నాను, బిల్లు మీద సంతకం గురించి అన్నట్టు. ఆటలో నయం. జవాబులు ముందు తెరమీద కనిపిస్తాయి, చదువుకుని నొక్కుతాం. మా ఇంట్లో మిమ్మల్ని ఏమని చెప్పానో తెలుసా అని అడగాలనుకున్నాను. అడగలేకపోయాను.

ఆదివారం వచ్చారు. అతను, అతని తల్లిదండ్రులు, దుగ్గిరాల పిన్ని. నేను కాఫీలు తెచ్చి బల్లమీద పెట్టి అమ్మ వెనక నిలబడ్డాను. వాళ్ళ అమ్మగారు నన్ను చూసి, "మావాడే అడిగాడమ్మా, ఈ సంబంధం కనుక్కోమని" అన్నారు. ఆ మాటకి నేను ఎగిరి గంతెయ్యాల్సింది. కానీ మా అమ్మ అప్పటికే వీధి గుమ్మం వైపు చూస్తోంది.

"ఏమే, అన్నయ్య రాలేదేంటి?" అంది. మళ్ళీ అతనివైపు తిరిగి, "మీ ఆఫీసులోనే బాబూ. మా అమ్మాయి అన్నయ్యా అని పిలుస్తుంది. స్టేషన్ దాకా దింపుతాడు, ఆ కంప్యూటర్ ఆటలూ అతనే నేర్పాడు. మీ గురించి మంచి మాట చెప్పింది కూడా అతనే. మీకు తెలిసే ఉంటాడు" అంది.

అతను కాఫీ గ్లాసు కింద పెట్టాడు. నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను.

"వచ్చానండి" అన్నాడు. "అది నేనేనండి."

అమ్మకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. నాయనమ్మకి పట్టలేదు. మంచం మీద నిటారుగా కూర్చుంది. ఆ ముఖం నాకు తెలుసు. ఎదురింటివాళ్ళ పెళ్ళి భోజనం మానేసిన ముఖం అది. అయిపోయింది అనుకున్నాను. మొదటిరోజు ఆఫీసు గుమ్మంలో నా అంతట నేనే వేసిన తాళం, దీన్ని తీసే మోడ్ ఎవరూ తయారుచెయ్యలేదు.

"ఇది నిన్ను అన్నయ్యా అని పిలిచేదా నాయనా?" అంది నాయనమ్మ.

"పిలిచేవారండి."

"రోజూనా?"

"రోజూనండి." గ్లాసు కొంచెం పక్కకి జరిపాడు. "నేను మాత్రం ఏనాడూ పలకలేదండి."

"అదేంటి?"

"ఆ పిలుపుకి పలికేవాణ్ణి కాదండి. ఇంకోలా పిలిచేదాకా ఆగేవాణ్ణి."

నాయనమ్మ నావైపు తిరిగింది. "నిజమేనా?"

నేను తలూపాను. ఇన్నాళ్ళూ నేను మొదటి పిలుపు గాలికి వదిలేసి రెండోసారి ఏమండీ అనడం, అప్పుడు అతను వెంటనే లేవడం ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అతని నాన్నగారు గొంతు సవరించుకున్నారు.

"పలకనివాణ్ణి ఎంత పిలిస్తే మాత్రం ఏం లాభం" అంది నాయనమ్మ చివరికి, కొంచెం విసుగ్గా, కాళ్ళు మంచం కిందికి దించుతూ. "ఇది నిన్ను చెవిటివాడనుకోలేదూ?"

"అనుకున్నారండి."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, కళ్ళు తుడుచుకోవడానికి వంటింట్లోకి వెళ్ళాను. అతని చెవుల్లో ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు.