మావయ్య చేతిలో తాళాలు

మొన్న పొద్దున్నే ఉయ్యూరు నుంచి అత్తయ్య ఫోన్ చేసింది. "మీ మావయ్య ఇక లేరమ్మా. నిద్రలోనే గుండె ఆగిపోయింది. ఫిట్స్ కాదు, డాక్టరు గారే చెప్పారు" అంది. ఆ చివరి మాట ఎందుకు చెప్పిందో నాకు తెలుసు. మావయ్యే ఉంటే ముందు అదే చెప్పమనేవాడు.

ఆయన మా అమ్మకి తమ్ముడు. చిన్నప్పటి నుంచీ మూర్ఛ. మందులు మార్చి మార్చి డాక్టర్లు అలిసిపోయారు గానీ, అది అలవలేదు. మా వైపు ఎవరికి ఫిట్స్ వచ్చినా ఇనుము తగిలితే తగ్గుతుందని చేతిలో తాళాలు పెడతారు. మావయ్య పడిపోతే వీధంతా తాళాల గుత్తులతో పరిగెత్తుకొచ్చేది. లేచాక ఏ గుత్తి ఎవరిదో పంచిపెట్టడం ఆయన పని. "నేను పడితే ఈ వీధిలో ఒక్క బీరువాకీ కాపలా ఉండదు. దొంగలకి ఈ సంగతి తెలీదు కాబట్టి మీరంతా బతికిపోయారు" అనేవాడు.

ఆయనకున్న కోరిక ఒక్కటే. ఒంటరిగా బస్సెక్కి బెజవాడ వెళ్లి, హోటల్లో కాఫీ తాగి రావాలి. నలభై దాటినా, వెనక ఎవరో ఒకరు లేకుండా ఆయన్ని కాలవ గట్టు మీదికి కూడా పంపేవాళ్లం కాదు. నవ్వుతూనే అడిగేవాడు గానీ ఆ బాధ నిజం.

రెండు వేల సంవత్సరం దాటాక హైదరాబాదులో ఆపరేషన్ చేశారు. ఛాతీకి ఎడమ పక్కన చర్మం కింద ఒక చిన్న మిషన్, దాన్నుంచి మెడలోని నరానికి సన్నటి తీగ. కొన్ని నిమిషాలకోసారి అది నరానికి కాస్త కరెంటు ఇస్తుంది. ఫిట్స్ పూర్తిగా పోలేదు, బాగా తగ్గాయి. "ఉయ్యూరంతా కరెంటు పోయినా నాకు పోదే" అని గొప్పలు పోయేవాడు. కాకపోతే కరెంటు వచ్చినప్పుడల్లా గొంతు బొంగురుపోయేది. అత్తయ్యతో వాదనలన్నీ సరిగ్గా అక్కడే ఓడిపోయేవాడు. "ఈ మిషన్ కూడా మీ అత్తయ్య పార్టీయే" అని వాపోయేవాడు.

ఫిట్స్ వచ్చేలా అనిపిస్తే మిషన్ మీద ఒకసారి తిప్పడానికి అయస్కాంతం కూడా ఇచ్చారు. అది చూసి ఎదురింటి పెద్దాయనకి ఎక్కడలేని సంతోషం. "ఇనుమేనని మేం మొదట్నించీ మొత్తుకుంటున్నాం కదండీ. ఆ డాక్టర్లకి ఇప్పటికి తెలిసింది" అన్నాడు.

అయస్కాంతం చేతికొచ్చాక మావయ్య బెజవాడ వెళ్లి తీరతానన్నాడు. అత్తయ్య సరేనని, గుట్టుగా నన్ను వెనక పంపింది. చున్నీ మొహం మీదికి లాక్కుని ఆడవాళ్ల సీట్లో కూర్చున్నాను. కండక్టర్ వచ్చి, "మీకు టికెట్ తీసుకున్నారమ్మా. వెనకాల మీ మావయ్య గారంట" అన్నాడు.

కంకిపాడు దాటాక వెనక ఏదో అలజడి. తిరిగి చూస్తే మావయ్య చూపు నిలబడిపోయింది, చెయ్యి మాత్రం అయస్కాంతాన్ని ఛాతీ మీద తిప్పుతోంది. పక్కాయన కంగారుగా తాళాల గుత్తి తీసి ఆ చేతిలో పెట్టబోయాడు. గుత్తి టక్కున అయస్కాంతానికి అతుక్కుపోయింది. కాసేపటికి మావయ్య తేరుకున్నాడు. పడిపోలేదు. గుత్తి పీకి ఇస్తూ, బొంగురు గొంతుతో, "తీసుకోండి. మీ తాళాలకి నేను తెగ నచ్చాను" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను లేవబోతే కూర్చోమని చెయ్యి ఊపాడు.

బెజవాడలో హోటల్‌కి నన్నూ తీసుకెళ్లాడు గానీ, వేరే బల్ల దగ్గర కూర్చోమన్నాడు. "మీ అత్తయ్యకి చూసింది చూసినట్టు చెప్పు" అని వెళ్లి, ఒక్కడే కూర్చుని, మహారాజులా కాఫీ చల్లార్చుకుంటూ తాగాడు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు తలుచుకున్నా వస్తోంది. నేను చెప్పింది విన్నాక అత్తయ్య మళ్లీ ఆయన వెనక ఎవర్నీ పంపలేదు.

దహనానికి ముందు డాక్టరు వచ్చి మిషన్ తీసేశారు, మంటలో బ్యాటరీ పేలుతుందట. అయస్కాంతం ఇంట్లోనే ఉంది. అత్తయ్య దాన్ని ఇనప బీరువాకి అంటించి, ఇంటి తాళాలు దానికే తగిలించింది. ఉయ్యూరు నుంచి తిరిగి బయల్దేరేటప్పుడు గేటు తీద్దామని గుత్తి పట్టుకుని లాగాను. వెంటనే రాలేదు. అయస్కాంతం కాసేపు గట్టిగా పట్టుకుని, అప్పుడు వదిలింది.