టై కట్టుకున్న డాక్టరు

తొంభైల మొదట్లో నేను పెళ్లై సిద్దిపేటకు వచ్చిన కొత్త. మా అత్తమ్మకు బీపీ ఉండేది. గోలీలు ఖరీదెక్కువని, మాకెవరికీ చెప్పకుండా రోజు విడిచి రోజు వేసుకునేది. ఒకనాడు మగ్గం దగ్గరే కళ్లు తిరిగి పడిపోయింది. అప్పుడే ఆ సంగతి బయటపడింది.

అప్పటిదాకా ఆమెను మావారే దవాఖానకు తీసుకెళ్లేవారు. నేనెప్పుడూ డాక్టరును చూడలేదు. మర్నాడు పాత చీటీ పట్టుకుని నేనే వెళ్లాను. డాక్టరు గదిలో టై కట్టుకుని, ఒళ్లో తోలుసంచీ పెట్టుకుని ఒకాయన కూర్చున్నాడు.

"సారూ, గింత పిరం గోలీలు రాస్తే మేమెట్ల కొనాలె? మా అత్తమ్మ ఒకరోజు మింగి ఒకరోజు దాసుకుంటున్నది. నిన్న పానం మీదికి వచ్చింది" అని చీటీ ఆయన ముందు పెట్టి గట్టిగానే అడిగాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "అమ్మా, నేను డాక్టర్‌ను కాదు. ఆ గోలీల కంపెనీ మనిషిని" అన్నాడు మెల్లగా.

వెనక నుంచి నవ్వు వినిపించింది. చేతులు తుడుచుకుంటూ అసలు డాక్టరు నిలబడి ఉన్నాడు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"చెప్తేనే కదమ్మా నాకు తెలిసేది. గిదే మందు వేరే కంపెనీది సగం ధరకే దొరుకుతది" అంటూ ఆయన కొత్త చీటీ రాశాడు. తర్వాత టై ఆయన వైపు తిరిగి, "మంచిగనే పనిచేస్తది కదా?" అని అడిగాడు.

"చేస్తది సార్. మా అమ్మకు నేను కొనేది గూడ అదే" అన్నాడాయన నేల చూపులు చూస్తూ. ముగ్గురం నవ్వేశాం.

అత్తమ్మ మళ్లీ ఒక్కరోజూ గోలీ మానలేదు. నేనైతే ఇప్పటికీ ఏ దవాఖానకు పోయినా మందు ధర అడగడానికి సిగ్గుపడను. కాకపోతే, డాక్టరెవరో ముందు కనుక్కుంటాను.