సుజాత వాళ్ల బాపు ఎటు చూశాడు?

నా పాత స్కూటర్ మీద ఒట్టు. ఇందులో ఒక్క మాట కల్పించినా అది రేపే నయాపూల్ వంతెన మధ్యలో ఆగిపోవాలి.

మొఘల్‌పురాలో పెళ్లి వీడియోలు కూర్చే చిన్న గది నాది. ఆ సాయంత్రం సుజాత వచ్చింది. పాల వ్యాపారి నర్సింహ కూతురు. కూతురి పెళ్లయిన నెలకే ఆయన పోయాడు. తెల్లారితే దినం.

"అన్నా, నేను మొండికేసి చేసుకున్న పెండ్లి ఇది. అప్పగింతలప్పుడు తల వంచుకొని ఏడుస్తున్న. బాపు నా దిక్కు చూసిండా? గదొక్కటి చూపియ్యి."

"పొద్దుగాల చూపిస్త చెల్లే. ఫికర్ జేయకు."

రాత్రి పన్నెండు. గల్లీలో ఆఖరి ఆటో కూడా వెళ్లిపోయింది. ఒక్కణ్నే... అప్పగింతలు తెరిచాను.

ఎదురెదురుగా ఉన్న ఇద్దరిని తీసేటప్పుడు వాళ్ల మధ్య ఒక గీత ఉందనుకోవాలి. రెండు కెమెరాలూ ఆ గీతకు ఒకే పక్కన ఉండాలి. అప్పుడే తెర మీద ఒకరు కుడికి, ఒకరు ఎడమకి చూస్తారు. అతికిస్తే చూపులు కలుస్తాయి. తండ్రిని తీస్తున్న మా బామ్మర్ది యాదగిరి గీత దాటాడు. బగారన్నం అటుపక్కనే వడ్డిస్తున్నారు మరి.

తెర మీద ఇద్దరి మొహాలూ కుడికే ఉన్నాయి. తండ్రి మొహం తిప్పుకున్నట్టే ఉంది. ఇది చూస్తే ఆ పిల్ల ఏమైపోతుంది?

యాదగిరికి ఫోన్ చేశాను.

"ఏందిరా గిట్ల తీసినవ్?"

"అద్దంల లెక్క తిప్పెయ్ బావా. లొల్లి ఖతం."

తిప్పాను. ఆయన వెనక గోడ మీది అక్షరాలూ తిరగబడ్డాయి. చొక్కా జేబు కుడి రొమ్ము మీదికి పోయింది. కూతురు కనిపెట్టదా? మళ్లీ మామూలుగా పెట్టేశాను.

అప్పుడే... కరెంటు పోయింది. గుమ్మం అవతల ఎక్కడో... పాలక్యాన్ మూత పడ్డ చప్పుడు. టంగ్... ఒక్కసారే. మళ్లీ వెలుతురు. ప్లే నొక్కాను.

నర్సింహ కుడికి చూస్తున్నాడు. ఒక సెకను... రెండు... మూడు... నాలుగో సెకనులో మెల్లగా... చాలా మెల్లగా... మెడ తిప్పాడు. ఎడమకి. అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. జేబు గుండె మీదే ఉంది.

పొద్దున సుజాత మూడుసార్లు చూసింది.

"చూసిండన్నా... నా దిక్కే చూసిండు."

కళ్లు తుడుచుకుని చాయ్ అడిగింది. నా ప్రాణం కుదుటపడింది.

"నువ్వు ఎన్నడన్న షాట్ ఆఖరుదాంక చూసినవా బావా?" అంటాడు యాదగిరి. నిజమే, మూడు సెకన్లకే కోసేసే అలవాటు నాది. కానీ ఒకటి ఆలోచించండి. ఆ రోజు హాల్లో కూతురు నిలబడింది ఆయన్ని తీస్తున్న కెమెరాకు కుడివైపు... అంటే ఆయన మొదట్నుంచీ ఆమెనే చూస్తున్నాడు. ఎడమ పక్కన ఉన్నవి ఖాళీ కుర్చీలు. కూతురు అటుపక్క ఉన్నట్టు కనిపించేది, షాట్లు అతికించాక, నా తెర మీదే.

సరే, ఒప్పుకుంటాను. కరెంటు పోలేదు. పాలక్యాన్ మూత కూడా కథలో నేను పడేసిందే, మీకు భయం చాలదని. గదిలో లైటు వెలుగుతూనే ఉంది. ఆయన తిరుగుతుంటే నేను రెప్ప వేయకుండా చూస్తూనే ఉన్నాను.