బోధన్ నాలుగు గంటల కూత

ఊళ్ళోవాళ్ళందరికీ పాంట్లు కుట్టే టేలర్‌ని నేను. నా పాంటు మాత్రం నిజామాబాద్ బస్టాండులో, బోధన్ బస్సు మెట్టు మీద కాలు పెట్టగానే వెనక నిలువునా విచ్చుకుంది. దాన్ని కుట్టింది కూడా నేనే కాబట్టి ఎవరినీ తిట్టే వీలు లేకపోయింది.

మధ్యాహ్నం రెండున్నర బస్సు అది. ఆడవాళ్ళకు టికెట్ తీసేసినప్పటి నుంచి ఈ దారిలో బస్సులు నిండుగా పోతున్నాయి. కూర్చోవాలంటే బస్టాండులోనే ఎక్కండి. నేను దొరికిన సీటుకు అతుక్కుపోయాను. పక్కన నిలబడ్డ ఒక అవ్వ కాసేపు ఓపిక పట్టింది.

“ముసలిదాన్ని, నిలబడ్డ. జర లేవరాదు కొడుకా?”

“నేను లేస్తే నువ్వు కండ్లు మూసుకోవాలె అవ్వా.”

సంగతి చెవిలో చెప్పాను. ఆమె నన్ను కిటికీ వైపు నెట్టి పక్కన ఇరుక్కుంది.

“ఏం పని జేస్తవ్?”

“టేలర్ పని.”

ఎడపల్లిలో దిగేదాకా ఆమె భుజాలు నవ్వుతో ఊగుతూనే ఉన్నాయి.

నేను పోతున్నది ఒక దుకాణం చూడటానికి. బోధన్‌లో ఒక బట్టల సేటు ఆరు మిషన్లు వేసిస్తాను, వచ్చి నడుపుకోమన్నాడు. రాత్రి పది దాకా గిరాకీ ఉంటుందట. నాది నిజామాబాద్‌లో ఒక్క మిషను దుకాణం. నాలుగింటికి షట్టర్ దించేస్తాను. నేను ఏడో తరగతిలో వదిలేసిన చదువు దగ్గరికి నా బిడ్డ ఇప్పుడు వచ్చింది. సాయంత్రాలు ఇద్దరం ఒకే చాప మీద కూర్చుని చదువుతున్నాం. పదో తరగతి కలిసి రాయాలని ఒప్పందం. ఆ దుకాణమా, ఈ చాపా అన్నది తేల్చుకోవాలి. సేటు ఐదింటికి రమ్మన్నాడు.

ఒకప్పుడు ఈ దారంతా చెరుకు బండ్లే. వెనక వేలాడి గడలు లాగి నమిలేవాళ్ళం. ఊరు కనబడక ముందే ఉడికే రసం వాసన ఎదురొచ్చేది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక అటూ ఇటూ వరే. అయినా బోధన్ దగ్గర పడగానే నా ముక్కు పాత అలవాటు కొద్దీ గట్టిగా పీల్చింది.

బస్టాండు బయట చాయ్ బాగుంటుంది. నిలబడి తాగాలి కాబట్టి నేను తాగలేదు. సంచి వెనక అడ్డం పెట్టుకుని, నాకు పని నేర్పిన ఉస్తాద్ దుకాణానికి నడిచాను. ఆయన నన్ను వెనక నుంచి ఒకసారి చూశాడు.

“నేర్పింది నేనని ఎవరికన్న చెప్పినవా బేటా?”

తన లుంగీ ఒకటి ఇచ్చి, పాంటు మిషను మీద పెట్టాడు. సగం కుట్టి ఆపేశాడు. గోడ గడియారంలో నాలుగైంది.

నేను పని నేర్చుకునే రోజుల్లో నాలుగింటికి ఫ్యాక్టరీ కూత వేసేది. అది వినబడగానే సూది ఎక్కడుంటే అక్కడే ఆపేవాడు ఉస్తాద్. ఎదురుగా కూర్చున్నది పెళ్ళికొడుకైనా సరే. ఇంటికి పోయి బేగంతో కలిసి చాయ్ తాగాలి. అందుకోసమే ఆయన ఇంకొకరి కింద పని మానుకుని సొంత దుకాణం పెట్టుకున్నాడు.

“ఇంక జానెడే ఉంది ఉస్తాద్. కూత బందై ఎన్నేండ్లాయె?”

“కూత బందైంది గని, బేగం ఎదురుసూసుడు బంద్ కాలేదు గదా. నడువ్.”

షట్టర్ పడింది. పాంటు లోపల, నేను బయట.

లుంగీతోనే వాళ్ళింటికి పోయాను. బేగం మూడో కప్పు తీసింది. ఆమె సాసర్లో పోసిచ్చింది, ఆయన ఊదుకుంటూ తాగాడు. చిన్నప్పుడు ఆ గుమ్మంలో కూర్చుని రోజూ చూసిందే. ఇంతలో సేటు ఫోన్ చేశాడు. లుంగీ సాకు చెప్పొచ్చు. చెప్పలేదు.

“రాత్రి పది దాక నాతోని గాదు సేటూ. నాలుగింటికి నాకు ఇంట్ల పనుంటది.”

ఐదున్నర బస్సు ఎక్కాను. ఎండ తగ్గిన వరి పొలాలు వెనక్కి పోతున్నాయి. బోధన్ నాకు నేర్పింది కుట్టుపని ఒక్కటే అనుకున్నాను ఇన్నాళ్ళూ. మిషను మీద నుంచి లేవడం కూడా అక్కడే నేర్చుకున్నాను.

ఇంట్లో చాప పరిచే ఉంది. బిడ్డకు జరిగిందంతా చెప్పాను. అది నా లుంగీని కింది నుంచి పైదాకా చూసింది.

“రెండో దుకాణం సంగతి తియ్ బాపూ. ముందుగాల రెండో పాంటు కుట్టుకో.”