కొయ్యని పాకెట్

బుధవారం పొద్దున చాచా ఊరు కల్హేర్ నుంచి ఫోన్ వచ్చింది. ఆయన పోయాడని కూతురు చెప్పింది. విన్న వెంటనే నాకు ఏడుపు రాలేదు, భయమేసింది. ఎందుకో దాచకుండా చెబుతాను.

నారాయణఖేడ్‌లో నాకు, కర్రతో బంతులు కొట్టే పూల్ ఆటకు ఒకే టేబుల్ ఉన్న చిన్న పార్లర్ ఉంది. దానికి కొత్త బట్ట వేసే పనిని ముందు రోజే చాచా సగంలో ఆపి వెళ్లాడు. టేబుల్ మీది మూడు రాతి పలకల మట్టం సరిచూసి, అతుకుల్లో మైనం పోసి గీకి, పచ్చబట్టను నాలుగు వైపులా లాగి పిన్నులు కొట్టాడు. బంతులు పడే ఆరు పాకెట్ల మీద బట్ట మాత్రం కొయ్యలేదు.

"చెయ్యి అలిసింది. అలిసిన చెయ్యితోని కత్తెర పట్టొద్దు. రేపొస్త," అని కత్తెర కిటికీ గట్టు మీద పెట్టి పోయాడు.

ఆయన నాకు చుట్టం కాదు. సోఫాలు కుట్టే మనిషి. మా చుట్టుపక్కల ఈ పని తెలిసింది ఆయనొక్కడికే. నాకు తెలిసిన కొంచెం కూడా ఆయన నేర్పిందే. అతుకు సాఫుగా ఉందో లేదో రాయికి చెంప ఆనించి చూసేవాడు. "చెయ్యి కాయలు కాసి మొద్దుబారింది బేటా. చెంప అబద్ధం చెప్పది."

రెండేళ్ల కిందట ఆయన రావడం ఆలస్యమైందని, కిటికీ వైపు మధ్య పాకెట్ నేనే కోశాను. వేలెడు ఎక్కువ తెగింది. లాగి మడవబోతే ఆడే చోటు దాకా జానెడు చినిగింది. బట్టంతా పాడైంది. చాచా తిట్టలేదు. ఆ బట్ట తీసుకుపోయి తన బండి సీటుకు తొడిగాడు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా బండి దిగి సీటు తట్టేవాడు.

"చూడు, నీ తప్పు మీద కూసోనే వస్తున్న. మెత్తగ మంచిగుంది."

"నువ్వు నవ్వుతున్నవ్ చాచా. నాకు కత్తెర చూస్తేనే వణుకొస్తుంది."

"రానీ. భయం లేకనే గా దినం చింపినవ్. భయపడుకుంటనే కొయ్యి. జల్దీ చెయ్యకు."

చాచా సమాధికి పిడికెడు మట్టి ఇచ్చి వస్తుంటే ఆయన ఇంటి ముందు బండి కనిపించింది. పచ్చ సీటు మీద దుమ్ము. చినుగు కుట్టిన చోట చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకున్నాను. ఆయన కూతురు చూసింది.

"అన్నా, మీ పని సగంలనే ఉందంట గదా. ఇగ ఎవరు చేస్తరు?"

"నేనే," అన్నాను. అన్నాక భయం రెండింతలైంది. చెడితే చెడేది ఆయన ఆఖరి పని.

నిన్న ఐదు పాకెట్లు కోశాను. ఒక్కోదానికి ముందు లేచి నీళ్లు తాగాను. కోసిన ప్రతిచోటా చెంప ఆనించి చూసుకున్నాను. ఎక్కడా అంచు దాటలేదు. మిగిలింది కిటికీ వైపు మధ్యది, అప్పుడు నేను చింపిన చోటు. దాని మీద కత్తెర మొన ఆనించాను. కొయ్యకుండానే తీసేశాను.

కత్తెర మళ్లీ ఆయన పెట్టిన చోటే పెట్టాను. ఒక తెల్ల బంతిని ఆ పాకెట్ వైపు దొర్లించాను. అది కిందికి పడలేదు. ఖాళీ మీద బట్ట కొంచెం వంగింది. ఆ చిన్న గుంటలో బంతి ఆగి, అలాగే ఉంది.