మూడో ప్లేటు ఎవరిది?

నవంబరు 8, శనివారం. ఉదయం ఏడున్నరకు అమీర్‌పేటలోని మా హాస్టల్ వంటగదిలో ఒకే ఒక్క ప్రశ్న నా నెల రోజుల గర్వాన్ని కూల్చేసింది.

నేను ఫార్మసీ మూడో సంవత్సరం చదువుతున్నాను. రేపు మా బృందం నేపాల్ కొండల్లోని ఒక ఊరికి వైద్య శిబిరం కోసం బయలుదేరుతోంది. పోయినేడు అక్కడికి వెళ్లొచ్చిన సీనియర్ ఒక సంగతి చెప్పింది. కవరు మీద రాసింది చదవలేక ఒక పెద్దావిడ మూడు రోజుల మాత్రలు ఒక్కపూటే మింగేసిందట. అది విన్నాకే నేను పేరిచ్చాను. మందుల కవర్ల పని అడిగి మరీ తీసుకున్నాను. మాటల మీద కొత్తగా మోజు పుట్టినదాన్ని కాబట్టి మొదట చక్కటి వాక్యాలు రాశాను. చదువు రానివాళ్లకు అవెందుకని కొట్టేసి, మూడు పూటలకు మూడు ప్లేట్ల బొమ్మలు అచ్చు వేయించాను. మొత్తం ఆరువందల కవర్లు.

మా వంట భయ్యా కిషన్‌ది నేపాలే. మెచ్చుకుంటాడని ఒక కవరు చూపించాను. అటూ ఇటూ తిప్పి, "దీదీ, గీ మూడో ప్లేటు ఎవరిది?" అన్నాడు.

"ఎవరిదేంటి భయ్యా? పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం, రాత్రి భోజనం!"

దోసె తిప్పడం ఆపి నవ్వాడు. "మా ఊర్ల టిఫిన్ ఎక్కడిది? పొద్దున ఉత్త చాయ్. పది గంటలకు అన్నం, చీకటి పడ్డంక మళ్ల అన్నం. నడుమ వేయించిన మక్కలు, గదే మొక్కజొన్నలు. మా అమ్మ గిది చూస్తే రెండు గోలీలు తను వేసుకొని, మూడోది మా నాయనకు పెడ్తది!"

నాకు నవ్వు రాలేదు. మా బృందం డాక్టరమ్మకు ఫోన్ చేసి, అంతా చెప్పాను. "ఇక్కడే తెలిసింది, అదృష్టం. సాయంత్రంలోగా మార్చగలవా?" అన్నారు. మార్చగలనన్నాను. ఎలాగో మాత్రం అప్పటికి తెలియదు.

అచ్చు వేసినవాళ్లను అడుగుదామని షేర్ ఆటోలో వెళ్తుంటే, కవర్ల వెనకవైపు ఖాళీగా ఉందని, అక్కడ ముద్రలు వేస్తే చాలని తట్టింది. ఇరవై రూపాయలిచ్చి పంజాగుట్టలో దిగేసరికి పదిన్నర. రబ్బరు స్టాంపుల దుకాణం అప్పుడే తెరుస్తున్నారు. నేను గీసిన కాగితం చూసి దుకాణం అన్న కళ్లజోడు సర్దుకున్నాడు.

"పొద్దు, మక్కబుట్ట, చంద్రుడు... ఏ పార్టీ గుర్తులమ్మా ఇవి?"

"మందుల కోసం అన్నా. రేపే ప్రయాణం."

"ఫికర్ చేయకు. జర కూసో, గంటల అయితది."

మూడు స్టాంపులు, ఒక ఇంకు ప్యాడ్ కలిపి ఏడువందల యాభై. మెట్రోలో ఒక్క స్టేషనే కాబట్టి పన్నెండింటికల్లా హాస్టల్లో ఉన్నాను. ముందువైపు ప్లేట్లు కనబడకుండా రూమ్మేట్లిద్దరూ తెల్ల కాగితం అంటిస్తుంటే నేను వెనక ముద్రలు వేశాను: పొద్దు పక్కన అన్నం, మొక్కజొన్న కంకి, చంద్రుడి పక్కన అన్నం. నాలుగున్నరకు ఆఖరి కవరు ఆరింది.

కిషన్ భయ్యా ఏమీ వివరించకుండా దాన్ని వీడియో కాల్‌లో వాళ్లమ్మకు చూపించాడు. ఆవిడ ఫోన్ దగ్గరికి ముఖం పెట్టి, వేలితో లెక్కపెడుతూ ఏదో అంది. భయ్యా ముఖం వెలిగిపోయింది.

"పొద్దున అన్నం తిని ఒకటి, మక్కలు తిని ఒకటి, రాత్రి అన్నం తిని ఒకటి. అంతేనా, అని అడుగుతుంది దీదీ. ఇంకోటి సుత అంటుంది... నాకు చదువు రాదని ఎవడన్నడు, అని!"

వంటగదిలో మేం పెట్టిన కేకలకు వార్డెన్ పరుగెత్తుకొచ్చింది. నేను రాసిన ఏ వాక్యమూ నాకింత సంతోషం ఇవ్వలేదు. ఆ సంతోషం ఒక్క మాట కూడా లేని కవరు వల్ల వచ్చింది. మనం తినే మూడు పూటలే లోకమంతా తింటుందనుకున్నాను. కొండ ఎక్కకముందే ఆ ఊరు నాకు మొదటి పాఠం చెప్పింది.

మీరూ ఇలాంటి పనికి వెళ్తుంటే, సామాను సర్దేముందు ఆ ప్రాంతం మనిషిని మీ ఊళ్లోనే వెతకండి, వాళ్లెప్పుడేం తింటారో అడగండి. రేపు ఉదయం ఐదింటికి కిషన్ భయ్యా మాకు చాయ్ పెడతానన్నాడు. అది తాగి, ఆరువందల కవర్లతో సికింద్రాబాద్ స్టేషనుకు బయలుదేరుతాం.